‘నేను’ అను పదమునకు లింగము గలదా? — ఆత్మకథా లఘుచిత్రముల విమర్శము

చలనచిత్రవిమర్శము పరిశోధకపత్రికయం దేల యని చదువరులలోఁ గొందఱు ప్రశ్నింపవచ్చును. కావ్యము దృశ్యమనియు శ్రవ్యమనియు ద్వివిధమని మన యాలంకారికులు చెప్పియున్నారు. చూడఁదగినదియు, వినఁదగినదియు, మనుష్యచరిత్రము నాశ్రయించినదియు నగు రచన యెద్దానితోఁ గట్టఁబడినను దృశ్యకావ్యవిమర్శమునకు లోఁబడినదే. లఘుచిత్రము పది నిమిషములలోనో యిరువది నిమిషములలోనో ముగియును. దీనికి రంగశాల యక్కఱలేదు. ధనికుని పెట్టుబడి యక్కఱలేదు. చేతిలోని ఫోనుతోనే తీయవచ్చును. ఇంతకుముందు తమ కథను దాము చెప్పుకొనుటకుఁ దావు లేనివారు పెక్కండ్రు దీనిచే నిప్పుడు చెప్పుకొనుచున్నారు. పుట్టిననాఁడు పెద్దలు చెప్పిన లింగము తమది కాదని యెఱింగిన ట్రాన్స్ వ్యక్తులును, తమ లింగమువారియందే ప్రేమగల వారును అట్టివారిలో ముఖ్యులు. వీరి నందఱను గలిపి క్వీర్ అను మాటతో నేఁడు వ్యవహరించుచున్నారు. ఇట్టివా రాత్మకథలను జెప్పుకొను చిత్రములను జూచినపుడు నాకొక వ్యాకరణవిషయము తోఁచినది. దానినుండి యొక సాహిత్యవిషయమును బుట్టినది. ఆ రెంటిని బండితుల యెదుట నుంచుటయే యీ వ్యాసోద్దేశము.

ముందుగా సంస్కృతవ్యాకరణమును జూతము. లింగవిచారమునకుఁ బ్రధానస్థానము పాణినీయచతుర్థాధ్యాయమునందలి ‘స్త్రియామ్’ అను సూత్రముమీఁద పతంజలి వ్రాసిన భాష్యము. రెండువేల యేండ్లకుఁ బూర్వపు గ్రంథ మది. అందు మొదట లోకుల యభిప్రాయ మొకటి చెప్పఁబడినది: దేహమునఁ గనఁబడు చిహ్నములే స్త్రీపుంసలక్షణములు, ఆ చిహ్నములు లేనిది నపుంసకము. భాష్యకారుఁ డీ లక్షణమునకుఁ జూపిన దోషము మిక్కిలి చమత్కారమైనది. అట్లయినచో భ్రూకుంసశబ్దమునకు స్త్రీప్రత్యయము రావలసివచ్చునే యని యాతఁ డాక్షేపించెను. భ్రూకుంసుఁ డనఁగా స్త్రీవేషము దాల్చి నర్తించు పురుషుఁడు. అమరసింహుఁడు నాట్యవర్గమున నీ యర్థమునే చెప్పియున్నాఁడు. మంచమును జెప్పు ఖట్వాశబ్దము స్త్రీలింగము. చెట్టును జెప్పు వృక్షశబ్దము పుంలింగము. ఈ జడపదార్థములకు దేహచిహ్నము లెక్కడివని మఱియొక యాక్షేపము. తుదకుఁ దేలిన సారమేమనఁగా, లింగము శాస్త్రము విధింపఁదగినది కాదు, లోకవ్యవహారము నాశ్రయించి నిలుచునది. భార్య యను నర్థమున దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము, భార్యాశబ్దము స్త్రీలింగము. ఇల్లా లొకతెయే, లింగములు మూఁడు. ఇంతకన్న నాశ్చర్యకరమైనది యమరకోశమున నున్నది. స్త్రీయుఁ బురుషుఁడును గానివారికి నాతఁ డిచ్చిన పర్యాయపదములలోఁ దృతీయాప్రకృతిశబ్దము స్త్రీలింగము, షండశబ్దము పుంలింగము, నపుంసకశబ్దము క్లీబము. ఒక్క వ్యక్తినిఁ జెప్పుటకు మూఁడు లింగములును వచ్చి నిలిచినవి. దేహమును జూచి లింగమును నిర్ణయింతమన్న వాదమును మన వైయాకరణులు ప్రాచీనకాలముననే కాదని విడిచిరి.

ఇఁక తెలుఁగు. మన భాషలోఁ బురుషులఁ జెప్పు పదములు మహత్తులు. స్త్రీవాచకములు ఏకవచనమున నమహత్తులతోడను, బహువచనమున మహత్తులతోడను గలియును. వాఁడు వచ్చుచున్నాఁడు; ఆమె వచ్చుచున్నది; ఆవు వచ్చుచున్నది. ఇది ప్రథమపురుషమునందలి ధర్మము. మధ్యమపురుషమున క్రియకు లింగము లేదుగాని పిలుపునకుఁ గలదు. ఓరీ యందుమో, ఓసీ యందుమో; నాయనా యందుమో, అమ్మా యందుమో; ఏదో యొకటి యనకతప్పదు. ఉత్తమపురుషమున మాత్రము క్రియ లింగము నెఱుఁగదు. పోయితిని, ఏడ్చితిని, వండితిని, పాడితిని అను మాటలు విన్నవాఁడు చెప్పినవారు స్త్రీయో పురుషుఁడో యెఱుఁగఁజాలఁడు. హిందీభాషలో నట్లు కాదు. పోయితినని చెప్పుటకుఁ బురుషుఁడు ‘గయా’ యనవలెను, స్త్రీ ‘గయీ’ యనవలెను. ఆ భాషలో నాత్మకథ చెప్పుకొనువారు పెక్కు వాక్యములందుఁ దమ లింగమును బ్రకటింపకతప్పదు. తెలుఁగున నాత్మకథ చెప్పుకొనువారికి నది యక్కఱలేదు.

అయితే యిం దొక యపవాదము గలదు. క్రియను విడిచి నామముతోఁ దన్నుఁ దాను జెప్పుకొన్నపుడు లింగము తఱచుగా వచ్చును. ‘నేను పేదవాఁడను’ అనవలెను, లేదా ‘నేను పేదదానను’ అనవలెను. కాఁబట్టి తెలుఁగున లింగము రెండుచోట్ల నున్నది: ఇతరులు మనలఁ బిలుచుచోటను, మనము చేసినదానిని గాక మనమేమో చెప్పుకొనుచోటను. చేసినదానిని జెప్పుకొన్నంతసేపు మనుష్యుఁడు స్వతంత్రుఁడు. తృతీయప్రకృతివారి కథలకు నీ సూత్రము తగినట్లు మఱి యే కథలకును దగదు.

ఈ ధర్మమును శాస్త్రముగాఁ జెప్పకపోయినను మన కృష్ణాతీరమున నాటకముగాఁ బ్రదర్శించిరి. కృష్ణాజిల్లా మొవ్వ మండలమునందలి కూచిపూఁడిలో సిద్ధేంద్రయోగి నాఁటినుండి భామాకలాపము పురుషులచేతనే యాడఁబడుచు వచ్చినది. ఆ కుటుంబములలోఁ బుట్టిన ప్రతి మగవాఁడు నొక్కమాఱైన సత్యభామవేషము కట్టవలెనని సంప్రదాయము. పురుషుఁడు స్త్రీరూపమును దాల్చుటను భరతుఁడు రూపానురూప యను ప్రకృతిగాఁ జెప్పియుండుటచే నిందు శాస్త్రవిరోధ మేమియు లేదు. ఆ కలాపమున సత్యభామకంటెను వ్యాకరణవేత్త పరిశీలింపవలసిన పాత్ర మాధవి. సూత్రధారుఁడు పురుషవేషము విడువకయే సత్యభామకు సఖియగు మాధవి యగును; కృష్ణుని యొద్దకుఁ బోయినపు డాతఁడే మాధవుఁ డగును. వేషము మాఱదు, గొంతు మాఱదు, నడక మాఱదు. పిలిచినవారు మాఱిరి కావున లింగము మాఱినది. లింగము పిలుపునం దున్నదన్న సూత్రమున కింతకంటె నుదాహరణము వెదకనక్కఱలేదు.

వేదాంతం సత్యనారాయణశర్మగారు 1935లోఁ గూచిపూఁడియందు జన్మించి 2012లో దివంగతులైరి. 1970లో వారికిఁ బద్మశ్రీ బిరుదు లభించెను. వారి సత్యభామను జిన్ననాఁడు దివిసీమలోఁ జూచిన భాగ్యము నాకుఁ గలదు. జడ ముందునకు వేసికొని యామె వచ్చినపుడు మా యింటి పెద్దమ్మలు తమ కూర్చున్న తీరు సరిచేసికొనిరి. బాపట్లలోఁ బుట్టిన స్థానం నరసింహారావుగారును (1902–1971) స్త్రీపాత్రములచేతనే కీర్తిగాంచి 1956లోఁ బద్మశ్రీ నందిరి. శర్మగారిని గూర్చి దూలం సత్యనారాయణగారు తీసిన చిత్రమునకు ‘ఐ యామ్ సత్యభామ’ యని పేరు. అనఁగా ‘నేను సత్యభామను’ అని యర్థము. ఆ పేరు నాకెంతయు నాలోచన కలిగించినది. అందలి ‘నేను’ శర్మగారిదా, సత్యభామదా? రంగమున నది సత్యభామదే. ముఖపురంగు కడిగికొని పంచెకట్టుతో నరుగుమీఁద కూర్చున్నపుడు శర్మగారు మనకు వారే. లోకము వారి స్త్రీత్వమును మెచ్చినది. ఏలయనఁగా నది తెల్లవాఱుసరికి ముగియునని లోక మెఱుఁగును. ఈ స్త్రీవేషము స్త్రీత్వమునకుఁ గాక యా కుటుంబములందలి పురుషుల గౌరవమునకే దోహదము చేసెనని హర్షిత కామత్ అను పరిశోధకురాలు 2019లోఁ బ్రకటించిన యాంగ్లగ్రంథమునఁ జర్చించిరి. ఆమె నిర్ణయముల నన్నిటిని నే నంగీకరింపకపోయినను, ఒక విషయమును గాదనఁజాలను. రాత్రి సత్యభామకు జోతలిచ్చిన మా యూరివారే యుదయమునఁ జీర కట్టుకొని యంగడులయొద్దఁ జేయి చాఁచిన తృతీయప్రకృతివ్యక్తిని గేలిచేసి తఱిమిరి. ముగియునట్టి స్త్రీత్వమునకుఁ బూలదండ, ముగియని దానికి రాయి. ఇది న్యాయమేనా యని యా దినములలో మేమెవరమును బ్రశ్నించుకొనలేదు.

ఈ ముగియని కథ చాలకాలము ప్రథమపురుషముననే చెప్పఁబడినది. విరాటపర్వమున బృహన్నల గలదు, భీష్మవధయందు శిఖండి గలఁడు. కాని వారి కథలను జెప్పినది వ్యాసుఁడును, పిమ్మటఁ దిక్కనయును. తెలుఁగు చలనచిత్రములలో నట్టి పాత్రములు తఱచుగా హాస్యమునకే వాడఁబడినవి. చప్పట్లు, వింతగొంతు, నాయకుఁడు పరుగెత్తుట, ప్రేక్షకులు నవ్వుట, ఇంతియే. అక్కడ వాఁడనియో, అదియనియో, యంతకన్న నీచముగనో చెప్పుటయే కాని, నేనని చెప్పినవారు లేరు.

ఉత్తమపురుషము మన భాషలోనికి గ్రంథరూపమున వచ్చిన తెఱఁగు స్మరింపఁదగినది. తమిళదేశమునకుఁ జెందిన ఎ. రేవతిగారు మొదట 2004లోఁ దమవంటివారి జీవితకథలను సేకరించి ‘ఉణర్వుం ఉరువముం’ అను పేరఁ బ్రకటించిరి. పిమ్మటఁ దమ కథను దాము వ్రాసికొనఁగా నది 2010లో నాంగ్లమున వెలువడినది. ముందు పరుల కథ, పిదప స్వకథ. ప్రథమపురుషమునుండి యుత్తమపురుషమునకుఁ జేరుటకు వారికి నంతకాలము పట్టినది. దానిని ‘ఒక హిజ్రా ఆత్మకథ’ యను పేరఁ దెనిఁగించినవారు మన విజయవాడ రచయిత్రి పి. సత్యవతిగారు, ఈ యనువాదమునకు 2019 సంవత్సరపుఁ గేంద్రసాహిత్య అకాడమీ యనువాదపురస్కారము లభించినది. తెలుఁగున నా గ్రంథము చదువువారు గమనింపవలసినది గలదు. వక్త యంతటను నేననియే చెప్పుచుండఁగా, చుట్టునున్నవారి సంబోధనములే తగవంతయు నడపును. ఇంటివారి పిలుపొకటి, తోడివారి పిలుపు వేఱొకటి. రేవతిగారు తమ కథను ఏకపాత్రముగా రంగముపైనను బ్రదర్శించిరి. సత్యభామయందువలెఁ బరకీయమైన ‘నేను’ గాక, నటించువారిదే యైన ‘నేను’ రంగమున నిలిచినది.

లఘుచిత్రముల కిప్పుడు వత్తము. 2017లో హైదరాబాదునందు ముద్రబోయిన రచనగారును వారి సహచరులును ‘ట్రాన్స్‌విజన్’ అను పేర యూట్యూబునఁ జిన్నచిన్న చిత్రములను బ్రకటింప మొదలిడిరి. మోజెస్ తులసిగారు దర్శకులు. ట్రాన్స్ స్త్రీలే తెలుఁగు, కన్నడము, ఉర్దూ భాషలలోఁ బ్రేక్షకుల యెదుటఁ గూర్చుండి, తమ్ము గూర్చి లోకమునఁ గల యపోహలకు సమాధానము చెప్పుదురు. శాస్త్రము ప్రభుసమ్మితము, పురాణము సుహృత్సమ్మితము, కావ్యము కాంతాసమ్మితమని మమ్మటుని విభాగము. ట్రాన్స్‌విజన్ చిత్రములు సుహృత్సమ్మితములు. పక్కింటివారు గడపమీఁదఁ గూర్చుండి యిది యిట్లు, అది యట్లని తెలియఁజెప్పినట్లుండును. వానియందుఁ గావ్యమును వెదకుట వాని నన్యాయముగాఁ దూఁచుట. అపోహ తొలఁగించుటయే వాని ప్రయోజనము.

కావ్యమును గోరువారికి మఱియొక చిత్ర మున్నది. అమెరికాలోని హార్వర్డు విద్యాపీఠమునఁ జదివిన నిశిత్ శరణ్ అను యువకుఁడు 1999లో ‘సమ్మర్ ఇన్ మై వెయిన్స్’ అను చిత్రమును నిర్మించెను. తాను పురుషులను బ్రేమింతునని తల్లికిఁ జెప్పుటయే యందలి వస్తువు. ఆ చెప్పుటయు, తల్లి వినుటయుఁ గెమెరా యెదుటనే జరిగినవి. అతఁడు 2002లోఁ జిన్నప్రాయముననే మరణించెను. ఆ చిత్రమునఁ గథయంతయు నొక్క క్రియ: చెప్పితిని. చెప్పుటకు ముందు భయము, చెప్పిన పిదపఁ దల్లిమొగము. అతఁడేమో తెలిసికొనుటకుఁ గాక యామె యేమనునో వినుటకుఁ బ్రేక్షకుఁ డూపిరి బిగఁబట్టును. తల్లికిఁ జెప్పవలసిన మాట నొకదానిని దాఁచుకొనని బిడ్డ యెవరు? ఇది సాధారణీకరణము.

ఇచ్చట నొక పూర్వపక్షము రాఁగలదు. స్వదుఃఖమును దాను జెప్పుకొనుట లౌకికమేగాని రసము కాదు. క్రౌంచవధమున శ్లోకమైనది మునియొక్క సొంత శోకము కాదని యభినవగుప్తుఁడే వ్యాఖ్యానించెను. కావున నీ చిత్రములు విలాపములే గాని కావ్యములు కావు అని. నా సమాధాన మిది. ఆత్మకథాచిత్రమున ననుభవించిన ‘నేను’ వేఱు, దృశ్యములను గూర్చిన ‘నేను’ వేఱు. ఏ ఘట్టము నుంచవలెను, ఎచ్చట నాఁపవలెను, ఎవరి మొగము చూపవలెను అని నిర్ణయించినపుడు దుఃఖించినవారు కవియగుదురు. ఆ దూరము సాధించిన చిత్రము కావ్యము, సాధింపనిది విలాపము. భేదము వస్తువునం దుండదు, కూర్పునం దుండును.

ఈ దృష్టితోఁ జూడఁగా నిట్టి చిత్రములందుఁ దఱచుగాఁ గనఁబడు దోషములు మూఁడు. మొదటిది స్వశబ్దవాచ్యత్వము. శోకమును శోకమను మాటతోఁ జెప్పుట రసదోషమని మమ్మటుఁడు చెప్పెను. మొగ మూరకున్నను వయొలిను ఏడ్చుట యా దోషమే. రెండవది యద్దము. అద్దముముందు నిలిచి బొట్టు, కాటుక పెట్టుకొను ఘట్టముతో నెన్నియో చిత్రము లారంభించును. ఇది పతంజలి కాదన్న పూర్వపక్షమే. దేహచిహ్నమును జూపి లింగమును నిరూపింపఁబూనుట. లింగ మద్దమునందు లేదు, పిలుపునం దున్నదని యెఱిఁగినవారు తలుపు తట్టినపుడు లోపలినుండి వచ్చు పిలుపును జూపుదురు. మూఁడవది, దెబ్బలు తప్ప దినచర్య లేకుండుట. తఱుమఁబడితిని, కొట్టఁబడితిని అను కర్మణిప్రయోగములే చిత్రమంతయు నిండినచోఁ గర్త యదృశ్యమగును. వండితిని, సంపాదించితిని, తమ్మునిఁ జదివించితిని, నవ్వితిని అను కర్తరిప్రయోగములు వచ్చినపుడే మనుష్యుఁడు తెరపై నిలుచును.

‘నేను ఇట్టిదానను’, ‘నేను ఇట్టివాఁడను’ అను ప్రకటన మనావశ్యక మని నా మాటలకర్థము కాదు. 2014 ఏప్రిల్ 15వ తేదీని మన సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పుచు, తన లింగమును దాను నిర్ణయించుకొను హక్కు వ్యక్తికిఁ గలదని యంగీకరించెను. న్యాయస్థానమున నామము కావలెను, కచేరి కాగితమున నామము కావలెను. కావ్యమున మాత్రము క్రియకే బలమెక్కువ. నామము విన్నవాఁడు వాదించును. క్రియను జూచినవాఁడు వెంట నడచును.

పాఠశాలాపండితులు చదువు పత్రికలో నొక విషయము దాఁచుట తగదు. ఇరువదియైదేండ్లకుఁ బూర్వము నేనొక పాఠశాలలో లింగప్రకరణము చెప్పుచు, నపుంసకలింగమున కుదాహరణ మడిగితిని. వెనుకబల్లనుండి యొకఁడు తోటివిద్యార్థి పేరు చెప్పెను. తరగతి నవ్వెను. నేనును నవ్వితిని. ఫలము, వనము అని చెప్పి పాఠము సాగించితిని. పేరు పిలువఁబడినవారు పుస్తకమువైపు తల వంచుకొని కూర్చుండిరి. తరువాతివారమునుండి బడికి రాలేదు. ఎందుచేత రాలేదని నే నడుగలేదు. వారిని నాఁడు వాఁడని పిలిచితిమి. నేఁడు వారు తమ్ము నెట్లు చెప్పుకొందురో యెఱుఁగను గావున వారని వ్రాయుచున్నాను. నవ్వితినన్న క్రియకు లింగము లేకపోయినను గర్త గలఁడు. ఆ కర్తను నేను. వ్యాకరణమును దప్పుగాఁ జెప్పినందుకుఁ గూడ నాకు సిగ్గు గలదు. లింగము శబ్దధర్మమేగాని దేహధర్మము కాదని భాష్యము చదివిన నేను ఆనాఁడు చెప్పియుండవలసినది. ఆ యొక్క వాక్యమునకు సూత్రమును గలదు, సమయమును గలదు.

తెలుఁగు పండితులకు నా విన్నపములు రెండు. లింగప్రకరణమును బోధించునపుడు దార, కళత్ర, భార్యాశబ్దముల యుదాహరణముతోఁ బ్రారంభింపుఁడు. శబ్దలింగమునకును దేహమునకును సంబంధము లేదని బాలురకుఁ దొలినాఁడే తెలియును. ఎవరి లింగము మనకుఁ దెలియదో వారిని ‘వారు’ అనుఁడు. దీనికై క్రొత్తమాట కల్పింపనక్కఱలేదు. ఆంగ్లేయులు తమ భాషలో నిట్టి సర్వనామమునకై నేఁడును వాదించుకొనుచున్నారు, మనకు మర్యాద యున్నచోట లింగము నడుగని సర్వనామము తాతలనాఁటినుండి యున్నది. ఇఁక చిత్రములు తీయువారికి నొకటి. తెలుఁగు క్రియ మీ పక్షమున నున్నది. దానిని విశ్వసించి, చేసినవానిని జెప్పుఁడు. మీ రెవరో ప్రేక్షకులు తామే యెఱుఁగుదురు. కూచిపూఁడి మాధవిని మాధవుఁడని పిలిచినపుడు నవ్వక తలయూఁచిన ప్రేక్షకుల సంతతివారే నేఁటికిని ఈ డెల్టాలో నున్నారు. వారి కాతీరు మరల నేర్పుట యసాధ్యము కాదు.